పదికి ఒకటి ఎపాక్సీ: నల్లగొండ ఎండల్లో చెక్క కయాక్ కట్టి, ఏళ్ల తరబడి వాడాక

రెసిన్‌లో హార్డ్‌నర్ కలిపితే గట్టిపడే జిగురే ఎపాక్సీ. నల్లగొండలో అది గట్టిపడదేమోనన్న దిగులు ఎవరికీ అక్కర్లేదు. మే నెలలో అయితే బ్రష్ అందుకునేలోపే డబ్బాలోనే గట్టిపడి పొగ కక్కుతుంది. ఇక్కడి చిక్కులు వేరు. పైకి గట్టిగా కనిపిస్తూ లోపల సగమే సెట్ అవ్వడం, పొర నిండా బుడగలు లేవడం, వానాకాలంలో పైన జిడ్డు తేలడం, అంతా బాగుందనుకున్న పడవ కారు మీద ఎండలో మెత్తబడటం. చెక్క కయాక్‌ల (తెడ్డుతో నడిపే సన్నటి పడవల) గురించి దొరికే వీడియోలు ఎక్కువగా చలి దేశాల వాళ్లు చేసినవి. పడవ చుట్టూ టెంటు వేసి హీటర్ పెట్టండి, రెసిన్‌ని బల్బు కింద వెచ్చబెట్టండి అంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఆ సలహాతో ఏం చేసుకుంటాం?

నేను వాడింది మన దేశంలో సులువుగా దొరికే పదికి ఒకటి రకం. బరువు లెక్కన వంద గ్రాముల రెసిన్‌కి పది గ్రాముల హార్డ్‌నర్. అరాల్డైట్ ఎల్‌వై 556కి హెచ్‌వై 951, ల్యాపాక్స్ ఎల్-12కి కె-6, ఇవన్నీ ఈ కోవలోని జతలే. ఇంజినీరింగ్ కాలేజీల్లో కాంపోజిట్ ప్రాజెక్టులు చేసే పిల్లలకు బాగా తెలిసిన సరుకు. ఏ కంపెనీది కొన్నా ఈ కోవ గుణం ఒకటే కాబట్టి ఇక్కడ రాసేది మొత్తం కోవకు వర్తిస్తుంది. కయాక్ సంగతి: 4 మిల్లీమీటర్ల ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి, లోపలి మూలలను చెక్కపొడి కలిపిన ఎపాక్సీతో నింపి, లోపలా బయటా 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) గ్లాస్ క్లాత్, అంటే గాజు నారతో నేసిన గుడ్డ, పరిచి కట్టింది. రాగి తీగ మోటార్ వైండింగ్ షాపులో దొరికింది. అప్పటి నుంచి అది ఉదయసముద్రంలో, నాగార్జునసాగర్ జలాశయంలో, సోమశిల దగ్గర కృష్ణలో తిరుగుతోంది.

సరుకు మంచిదే. ఇన్నేళ్లలో ఒక్క కుట్టు కూడా విడలేదు. అయితే కొలతలో తేడా వస్తే ఊరుకోదు, వేళ తప్పితే అసలే ఊరుకోదు.

కొలత సంగతి ముందు. పదికి ఒకటి అనేది బరువు లెక్క. ఈ విషయం డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, లూజుగా పోసిచ్చే సీసా మీద అదీ ఉండదు. రెసిన్ సాంద్రత 1.15 పైన, హార్డ్‌నర్‌ది ఒకటికి కాస్త తక్కువ. గీతల గ్లాసుతో వంద మిల్లీలీటర్ల రెసిన్‌కి పది మిల్లీలీటర్ల హార్డ్‌నర్ పోస్తే నిజానికి 115 గ్రాములకు పది గ్రాముల లోపే పడుతుంది. అంటే హార్డ్‌నర్ 15 శాతం దాకా తక్కువ. అలా కలిపింది కూడా గట్టిపడుతుంది, అదే మోసం. మర్నాడు చేత్తో తడిమితే బాగానే ఉంటుంది. వారమైనా గోటితో నొక్కితే గాటు పడుతుంది, శాండ్‌పేపర్ రుద్దితే ముద్ద కట్టి కాగితానికి అంటుకుంటుంది.

వంటింటి కాటా కూడా ఈ పనికి చాలదు. అది ఒక గ్రాము మెట్టుతో చూపిస్తుంది. 60 గ్రాముల రెసిన్‌కి 6 గ్రాముల హార్డ్‌నర్ కావాలి. తెర మీద 6 కనిపించినా అసలు బరువు 5.5 అయినా కావచ్చు, 6.5 దాకా అయినా ఉండొచ్చు. కంసాలి వాడే రకం చిన్న డిజిటల్ కాటా కొనండి, గ్రాములో పదో వంతు చూపిస్తే చాలు. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు. తూచేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, గాలికి అంకెలు ఊగుతూనే ఉంటాయి.

హార్డ్‌నర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం మన దగ్గర పాతుకుపోయింది. ఫైబర్ రేకులు, ట్యాంకులు రిపేరు చేసే అన్న ఒకతను నా పని చూసి, "ఇంకో రెండు చుక్కలు ఎక్కువ పొయ్యిండ్రి సార్, జల్ది గట్టిపడ్తది" అన్నాడు. అతను వాడేది పాలిస్టర్ రెసిన్. దానిలో కలిపేది ఒకటి రెండు శాతం క్యాటలిస్ట్, కాస్త పెంచితే వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. అతని పనిలో అతని మాట నిజమే. ఎపాక్సీలో హార్డ్‌నర్ అణువులు రెసిన్ అణువులతో జతకట్టి తామే ఆ పదార్థంలో భాగమవుతాయి. ఎక్కువ పోస్తే జత దొరకని హార్డ్‌నర్ లోపలే మిగిలి మెత్తదనం తెస్తుంది, తేమను పీలుస్తుంది. "అన్నా, ఇది వేరే రకం" అంటే అతను నమ్మలేదు. రెండు చిన్న మూతల్లో రెండు రకాలుగా కలిపి వారం తర్వాత ఇచ్చాను. విరిచి చూసుకున్నాడు. ఇప్పుడు అతనే నా దగ్గర మిగిలిన ఎపాక్సీ అడిగి తీసుకెళ్తాడు.

కలపడం గురించి ఒక్క మాట. గుండ్రటి పుల్లతో తిప్పితే అంచులకు, అడుగుకు అంటుకున్న రెసిన్ కలవదు. చదును అంచున్న ఐస్‌క్రీమ్ పుల్లతో గోడలు, అడుగు గీకుతూ రెండు నిమిషాలు కలిపి, ఇంకో డబ్బాలోకి వంచి మళ్లీ ఒక నిమిషం కలపాలి. పడవ మీద అక్కడక్కడా జిగురుగా మిగిలే మచ్చలన్నీ దాదాపు డబ్బా అడుగున కలవకుండా ఉండి చివర్లో గీకి పూసినవే. పెరుగు డబ్బాలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. పాలీప్రొపిలీన్‌కి ఎపాక్సీ అంటుకోదు, గట్టిపడ్డాక డబ్బా నొక్కితే ఊడి వస్తుంది. మైనం పూసిన కాగితపు కప్పులు మాత్రం వద్దు.

ఇక ఎండ. ఎపాక్సీ చర్య వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. పది డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం ఇంచుమించు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల్లో వంద గ్రాముల ముద్ద అరగంట ఆగితే, 35లో పావుగంట, మన మే నెల సాయంత్రం షెడ్డులో పది నిమిషాలు ఆగినా గొప్పే. పెద్ద గిన్నెలో అరకిలో కలిపి పెట్టుకుందామనుకుంటే అంతే సంగతులు. వేడెక్కి, పసుపెక్కి, ప్లాస్టిక్ డబ్బాను కరిగించి, ఘాటు పొగ వదులుతుంది. అలా మొదలైన డబ్బాను చెత్తబుట్టలో వేయకూడదు. బయట మట్టి మీద పెట్టి దూరం జరగాలి.

నేను ఎండాకాలంలో వంద గ్రాములకు మించి ఒక్కసారి కలపను. కలిపిన వెంటనే వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి పల్చగా పరుస్తాను. పల్చటి పొర తన వేడిని బయటకు వదిలేస్తుంది, సమయం బాగా కలిసొస్తుంది. లేదా నేరుగా గుడ్డ మీదే మొత్తం ఒంపేసి రబ్బరు పట్టీతో లాగుతాను. రెసిన్ డబ్బాను ముందు రోజు రాత్రి నుంచి కడప రాయి గచ్చు మీద పెడితే కాస్త చల్లగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లను చూశాను. చల్లటి డబ్బా మూత తీయగానే గాలిలోని తేమ లోపల చెమ్మగా పడుతుంది. ఆ చెమ్మ ఎపాక్సీలోకి పోకూడదు.

ఎండ చేసే రెండో పని చాలామందికి తెలియదు, నా దృష్టిలో మన ప్రాంతంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చెక్కలో గాలి ఉంటుంది. చెక్క వేడెక్కుతుంటే ఆ గాలి వ్యాకోచించి బయటకు వస్తుంది, చల్లబడుతుంటే లోపలికి లాక్కుంటుంది. పొద్దున ఏడు గంటలకు చల్లగా ఉందని మొదటి పొర పూస్తే, తొమ్మిదయ్యేసరికి రేకుల షెడ్డు కాలిపోతుంది, చెక్క ఊపిరి వదులుతుంది, సగం గట్టిపడ్డ పొరలో వందల బుడగలు. ఒక్కొక్కటీ పగిలి సూది బెజ్జంగా మిగులుతుంది. అదే పొరను సాయంత్రం పూస్తే చెక్క చల్లబడుతూ రెసిన్‌ని లోపలికి పీల్చుకుంటుంది. అంటే పొద్దుటి చల్లదనం మనకు శత్రువు, సాయంత్రపు సెగ నేస్తం. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇదే నిజం.

అందుకే ఎండాకాలంలో నా పని దీపాలు పెట్టే వేళకు మొదలవుతుంది. పగలంతా షెడ్డులో కాగిన పడవను పొద్దు వాలాక వరండాలోకి తెచ్చి, పైన చెయ్యి వేసి చూసి, వేడి దిగడం మొదలైందనిపించాక మొదటి పొర. గ్లాస్ క్లాత్ పరిచే పని రాత్రి ఎనిమిది తర్వాతే. కరెంటు పోతుందని ముందే చార్జింగ్ లైటు సిద్ధంగా ఉంచుకోవాలి. గుడ్డ సగం తడిశాక చీకటి పడితే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. పురుగులు కూడా వస్తాయి. లైటు దూరంగా పెడితే కొంత నయం. నా పడవ ముందు భాగంలో ఒక ఈసురు పురుగు శాశ్వతంగా ఉండిపోయింది, దాన్ని తీయాలని కూడా అనిపించలేదు.

వేడి వల్ల ఒక లాభం కూడా ఉంది. ఈ కోవ రెసిన్ చిక్కన. చలికాలంలో తేనెలా సాగుతూ గుడ్డలోకి దిగనంటుంది. ఎండాకాలంలో పల్చబడి గ్లాస్ క్లాత్ క్షణంలో తడిసి పారదర్శకం అవుతుంది. డిసెంబరు, జనవరిలో మా దగ్గర రాత్రి 15 డిగ్రీలకు దిగినప్పుడు రెసిన్ డబ్బాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి వాడాలి. చలికి రెసిన్ మసకబారి పలుకులు కట్టినా భయపడక్కర్లేదు. చెడిపోలేదు, గడ్డకట్టింది అంతే, వేడి నీళ్లలో పెట్టి కలిపితే మామూలుగా అవుతుంది. చలికాలంలో మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే వెలుతురూ ఉంటుంది, చెక్క కూడా చల్లబడే దారిలో ఉంటుంది. రాత్రి నెమ్మదిగా సెట్ అవుతుంది, మర్నాటి ఎండ మిగతా పని చూసుకుంటుంది. దీపావళి దాటాక మొదలుపెట్టి శివరాత్రికి ముగించేవాళ్లు అదృష్టవంతులు.

అందరూ చేసే పనీ, అందరికంటే ఎక్కువ నష్టం చేసే పనీ ఒకటుంది: కూలర్. ఎండాకాలంలో షెడ్డులో ఎయిర్ కూలర్ పెట్టుకుని ఎపాక్సీ పూయడం. కూలర్ గాలిని చల్లబరిచేదే నీళ్లతో. తేమ నిండిన గాలిని నేరుగా తడి ఎపాక్సీ మీదకు తోస్తుంది. ఈ కోవ హార్డ్‌నర్లు అమైన్లు. హెచ్‌వై 951 అంటే ట్రైఎథిలీన్ టెట్రామైన్. పైకి తేలిన అమైన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మైనం లాంటి పొర కడుతుంది. దాన్నే అమైన్ బ్లష్ అంటారు. చూపుకు కొంచెం మసకగా, చేతికి జిడ్డుగా ఉంటుంది, ఒక్కోసారి కంటికి కనపడనే కనపడదు. దాని మీద ఇంకో పొర గానీ రంగు గానీ వేస్తే పట్టు ఉండదు, కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది.

కూలర్ లేకపోయినా జూలై, ఆగస్టు రాత్రుల్లో బ్లష్ తప్పదు. వానాకాలంలో నా సాయంత్రం నియమం పనికిరాదు. రాత్రి తేమ పెరుగుతూ పోతుంది కాబట్టి, పొడిగా ఉన్న రోజు చూసి మధ్యాహ్నమే పూసి, చీకటి పడేలోపు జెల్ అయ్యేలా (కారకుండా చిక్కబడేలా) చూసుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో పని మానుకోవడమే మేలు. ఆ రోజుల్లో తెడ్డు చెక్కుకోవచ్చు.

బ్లష్ తీయడం మాత్రం చాలా తేలిక. అది నీళ్లలో కరుగుతుంది. మామూలు నీళ్లు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్, ఆ తర్వాత పొడి గుడ్డ, అంతే. థిన్నర్‌తో తుడిస్తే పోదు. కడగకుండా శాండ్‌పేపర్ పడితే ఆ మైనాన్ని గీతల్లోకి మనమే రుద్దినట్టవుతుంది. కాబట్టి ముందు కడగడం, తర్వాతే రుద్దడం. మా బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు మిగులుస్తాయి. ఫ్లోరైడ్ గురించి లోకమంతా విన్నదే, ఉప్పు కూడా తక్కువేం కాదు. అందుకే కృష్ణా నీళ్ల కుళాయి వచ్చే వేళకు ఈ పని పెట్టుకుంటాను.

కడగడం, రుద్దడం రెండూ తప్పించుకునే దారి ఒకటుంది. పొర జెల్ అయి, వేలు పెడితే అంటుకోకుండా కొద్దిగా గుర్తు పడే దశలోనే తర్వాతి పొర పూసేయడం. అప్పుడు రెండు పొరలూ రసాయనికంగా ఒకటవుతాయి. ఎండాకాలం రాత్రి ఈ దశ రెండు మూడు గంటల్లోనే వచ్చేస్తుంది కాబట్టి ఒకే రాత్రిలో గుడ్డ, దాని మీద నింపే పొర రెండూ ముగించవచ్చు. రాత్రి నిద్ర పాడవుతుంది, కానీ మర్నాడు గంటల తరబడి దుమ్ము మింగే పని తప్పుతుంది. అంచుల్లో వేలాడే గుడ్డను కూడా ఈ దశలోనే బ్లేడుతో కోయాలి, ఆ తర్వాత రంపం కావాల్సి వస్తుంది.

సరిగ్గా క్యూర్ అయిందో (లోపలిదాకా గట్టిపడిందో) లేదో తెలుసుకోవడానికి నేను నమ్మేది శాండ్‌పేపర్‌ని. పొడిగా, తెల్లగా పొడి రాలితే అయినట్టు. ముద్ద కడితే కానట్టు. కానప్పుడు ఇంకో రెండు రోజులు ఎండ తగిలే చోట పెట్టి చూడాలి. అప్పటికీ జిగురుగా ఉన్న చోటును గీకి తీసేసి, అసిటోన్‌తో తుడిచి, కొత్తగా తూచి కలిపినది పూయడం తప్ప వేరే మందు లేదు. పైన ఉత్తి హార్డ్‌నర్ రాస్తే గట్టిపడుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి.

చివరి దశ గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు. గది వేడిలో క్యూర్ అయిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన ముదురు రంగు పడవ పైభాగం ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. నల్లగొండ నుంచి సాగర్ వరకు కారు పైన బెల్టులు బిగించి తీసుకెళ్తే, బెల్టు నొక్కిన చోట గాటు పడటం, నున్నటి పైపొరలో గ్లాస్ క్లాత్ అల్లిక మళ్లీ బయటకు కనిపించడం ఇందువల్లే. దీనికి విరుగుడు అదే ఎండలో ఉంది. మామూలు క్యూర్ వారం రోజులు పూర్తయ్యాక, పడవను అచ్చు మీద సమంగా కూర్చోబెట్టి, నల్ల పాలిథీన్ పట్టా కప్పి, రెండు మూడు మధ్యాహ్నాలు ఎండలో ఉంచాను. లోపల థర్మామీటర్ పెట్టి 60 దగ్గర పట్టా అంచు లేపుతూ చూసుకున్నాను. ఇలా కాచిన ఎపాక్సీ మెత్తబడే వేడి పైకి జరుగుతుంది. విదేశీయులు దీనికి ఓవెన్ కట్టుకుంటారు, మనకు రోహిణి కార్తె ఉచితం. పడవ కింద ఆధారం సమంగా లేకపోతే మాత్రం వంకర కూడా అలాగే గట్టిపడుతుంది. ఈ పని రంగు వేయక ముందే చేయాలి. అల్లిక తేలినా రుద్ది సరిచేసుకునే వీలుంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికే ఆర్ట్ రెసిన్లు, బల్లల కోసం పోసే రెసిన్లు ఈ పనికి వద్దు. పల్చగా, బుడగలు లేకుండా, అద్దంలా ఉంటాయి కాబట్టి మనసు లాగుతుంది. గట్టిపడ్డాక మన ఎండకు అవి ఇంకా ముందే మెత్తబడతాయి. దిగుమతి రకాల్లో వెస్ట్ సిస్టమ్ 105 రెసిన్‌కి 209 అనే బాగా నెమ్మది హార్డ్‌నర్ ఉంది, వేడి ప్రాంతాల కోసమే చేసింది, కొలత మూడుకి ఒకటి కాబట్టి తూకంలో చిన్న తేడా అంత దెబ్బ తీయదు. డబ్బు ఉండి, మే నెలలోనే కట్టి తీరాలి అనుకునేవాళ్లకు అది సుఖం. ఖర్చు మాత్రం మన రకానికి కొన్ని రెట్లు. నాకైతే చలికాలం వరకు ఆగడం చవక.

ఆరోగ్యం విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను. నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఎపాక్సీ ఎలర్జీ మెల్లగా వస్తుంది, వచ్చిందంటే పోదు. చేతికి అంటితే థిన్నర్‌తో కడగడం ఇంకా చెడ్డది, చర్మంలోకి దింపుతుంది. సబ్బు, నీళ్లు చాలు. సగం సెట్ అయిన పొరను రుద్దితే వచ్చే దుమ్ము మరీ ప్రమాదం, మాస్కు తప్పనిసరి. హార్డ్‌నర్ సీసా మూత వాడిన వెంటనే బిగించాలి, గాలి తగిలితే అది తేమను పీల్చుకుని మూత చుట్టూ తెల్లటి పొక్కు కడుతుంది.

ఇన్నేళ్ల తర్వాత పడవ ఎలా ఉందంటే, అడుగున సాగర్ ఒడ్డు రాళ్లు గీసిన గీతలు చాలా ఉన్నాయి, చెక్క దాకా దిగినవి రెండు మూడే. వాటి చుట్టూ ప్లైవుడ్ నల్లబడింది. గీకి, ఎండబెట్టి, మళ్లీ ఎపాక్సీ పట్టించాను. జాలర్లు తమ పుట్టి పక్కన దీన్ని పెట్టి చూసి, "గింత పల్చగుంటే ఆగుతదా?" అని మొదట్లో అనేవాళ్లు, ఇప్పుడు అడగరు. అసలు దెబ్బ పైన డెక్ మీద తగిలింది. చెక్క అందం కనపడాలని అక్కడ వార్నిష్ మాత్రమే వేశాను. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలకు ఎపాక్సీ తట్టుకోదు, వార్నిష్ పల్చబడిన చోటల్లా పసుపెక్కి సుద్దలా రాలుతుంది. యూవీ నిరోధకం ఉన్న వార్నిష్ కూడా మన దగ్గర ఏడాదికోసారి కొత్తగా పూయాల్సిందే. ఈ చలికాలం డెక్‌ని కూడా రుద్దేసి తెల్ల పీయూ (పాలీయురెథేన్) పెయింట్ వేస్తున్నాను. టేకు అంచు పట్టీలు మాత్రం వార్నిష్‌తోనే ఉంచుతున్నాను.